చప్పటి ముక్క

రోజు 281

ఆఫీసుకు పంపే చిట్టా వేరే ఉంది. అందులో జంతువు పేరు, ముక్క బరువు, రుచి, నా సంతకం తప్ప ఇంకేమీ రాయకూడదు. ఈ నోటు పుస్తకం మాత్రం నా సొంతం. ఇందులో ఏడవచ్చు, ఎవరినైనా తిట్టుకోవచ్చు. ఇవాళ నాకు రెండూ చెయ్యాలని ఉంది.

ముందు పనులు రాస్తాను. పొద్దున్నే కంచె వెంబడి ఒక చుట్టు తిరిగాను. కంచె లోపల మనుషులు, బయట జంతువులు. నల్లమలలో ఇప్పటి పద్ధతి ఇదే. కప్పు మీద సోలార్ పలకలపై కోతులు పడేసిన తొక్కలు తుడిచాను. తర్వాత పెంపకం డబ్బాలో నీళ్లు మార్చాను. లోపల ముప్పై ఒకటో జంతువు మాంసం లేత గులాబీ రంగులో, కోడిగుడ్డంత అయింది. ముళ్లపందిది. అసలు ముళ్లపంది ఎదురు కొండ మీద నిక్షేపంగా తిరుగుతోంది. మా తుమ్మెద, అంటే ఎగిరే చిన్న యంత్రం, అది నిద్రలో ఉండగా తొడలోంచి బియ్యపు గింజంత కండ తెచ్చింది. దానికి దోమ కుట్టినట్టు కూడా తెలిసి ఉండదు. డబ్బాలో తొమ్మిది రోజులుంచితే ఆ గింజే ముక్కవుతుంది.

ముక్కను రెండు చేస్తాం. ఒక సగాన్ని ఉప్పు కూడా వెయ్యకుండా ఉత్త నీళ్లలో ఉడికిస్తాం. దాన్ని చప్పటి ముక్క అంటాం. రెండో సగాన్ని, ఒకప్పుడు ఆ జంతువును తిన్నవాళ్లు ఎలా వండుకునేవారో అలా వండుతాం. వండేది నా మొగుడు మద్దిలేటి. తినేది నేనొక్కదాన్నే. వంటవాడు గరిటె కూడా నాకకూడదని ఆయన చేత సంతకం పెట్టించుకున్నారు. పైగా ఒక్కో జంతువుకు ఒక్కసారే అవకాశం. నేను తిన్న వెంటనే డబ్బా ఆ కండ గుర్తును తుడిచేస్తుంది. పెంచుతూ పోతే జనానికి దాని మీద యావ పుట్టి ఉచ్చులు మళ్లీ బయటికి తీస్తారని భయం.

నాకు ఈ ఉద్యోగం ఎలా వచ్చిందంటే, నేను ఇరవై ఏళ్లు మాంసం మిల్లులో, అంటే జంతువును చంపకుండా మాంసం పెంచే కార్ఖానాలో, రుచి చూసే పని చేశాను. మిల్లు మాంసం ఎక్కడ తిన్నా ఒకటే రుచి. ఆ మాంసం వచ్చాకే ఆత్మకూరులో మద్దిలేటి మెస్సు మూతబడింది. అడవి మాంసం తిన్న ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే, వాళ్లతో ఆ రుచులు కూడా పోకూడదని రుచుల భాండాగారం వాళ్లు ఒక నాలుక కోసం వెతికారు. పరీక్షలన్నీ పెట్టి నన్ను ఎంచుకున్నారు. నలభై జంతువులు, ఒక ఏడాది, ఈ చింతగుండం క్యాంపు, మేమిద్దరం.

ఇక ఏడవవలసిన సంగతి. పోయిన వారం జ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ నా రుచినీ వాసననీ పట్టుకుపోయింది. ఇవాళ వంటింట్లో ఎవరూ లేనప్పుడు ఉప్పు నాలుక మీద వేసుకున్నాను. ఇసుక. చింతపండు వేసుకున్నాను. మెత్తగా ఏదో. పచ్చిమిరపకాయ కొరికితే మంట తెలిసింది, అంతే. నాలుకను అద్దంలో చూసుకున్నాను. చూడ్డానికి బాగానే ఉంది దొంగముండ.

మద్దిలేటికి చెప్పలేదు.

రోజు 283

ముళ్లపంది. ఆఫీసు చిట్టాలో రాసింది ఇదీ: "చప్పటి ముక్క: కొవ్వు ఎక్కువ, కొద్దిగా తీపి, దుంపల వాసన. ఉప్పు లేనందున చివర్లో వెలితి." అంతా ఊహే. ముళ్లపంది దుంపలు తవ్వుకు తింటుంది కదా, దుంపల వాసన రాకపోతుందా అనుకున్నాను. నాకు నిజంగా తెలిసింది ఒక్కటే, పళ్ల కింద కొవ్వు జారిపోవడం.

నేను తింటున్నంతసేపూ మద్దిలేటి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, కంచం పగలగొట్టినవాడిలా. రాసి పుస్తకం మూశాక, "ఏం మే, ఏమీ అనవా?" అన్నాడు.

"ఏమనాల? బాగుంది. పో," అన్నాను.

కాసేపు నా మొహంలోకి చూసి వెళ్లిపోయాడు. మెచ్చుకోలు కోసం నిలబడ్డాడు కాబోలు. ఈ వయసులో కూడా ఎంత ఆశో ఈ మనిషికి.

నిజం ఇంకెవరికి చెప్పాలి, ఇక్కడే రాస్తాను. నేను ఆఫీసుకు చెబితే క్యాంపు ఎత్తేస్తారు. నా నాలుకలాంటిదాన్ని ఇంకొకదాన్ని తయారుచెయ్యడానికి రెండేళ్లు పడుతుంది, అడవిలో ఉండే అనుమతి ఏడాదికే. మిగిలిన తొమ్మిది జంతువుల రుచి ఎప్పటికీ ఎవరికీ తెలీదు. అందుకే చెప్పడం లేదని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. అసలు కారణం అది కాదు. ముప్పై ఆరేళ్లుగా ఆయన వండింది తింటూ, దానికి వంకలు పెడుతూ కాపురం చేశాను. ఇంక ఆయన వండేదేదీ నాకు తెలీదని ఆయనకు తెలిస్తే, ఆయన ఎవరికోసం వండుతాడు?

రోజు 292

బెట్టుడత. పిల్లికన్నా పొడుగు తోకున్న పెద్ద ఉడత అది, చెట్టు దిగదు. నేను ముక్క నోట్లో పెట్టుకుని, ఏం రాయాలో తెలీక గోడకేసి చూస్తున్నాను. గుమ్మంలో మద్దిలేటి గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఈ నెల్లంతా తాండ్రకాయలే కొరుకుతాంటాది గదా మే. ఆ వగరు మాంసంలోకి దిగుతాదేమో. ముందు వగరు, వెనక కొంచెం బాదంపప్పు మాదిరి."

"తినేవాళ్ల దగ్గర మాట్లాడగూడదని రూలుంది, ఎరుకేనా?"

"ఊరికే అంటి లే."

ఆయన వెళ్లాక "ముందు వగరు, వెనక బాదంపప్పు" అని రాశాను. వేరొకరి మాట దొంగిలించినట్టు అనిపించి సిగ్గేసింది. కాని ఆ మాట బాగుంది, నిజంలా ఉంది.

రోజు 301

కౌజు పిట్ట. మద్దిలేటి మళ్లీ గుమ్మంలో. పిట్ట మాంసం ఎండు గడ్డిలాగా పొడిగా ఉంటుందేమోనట, ఎముక దగ్గర మాత్రం తేనెలా తియ్యగా ఉంటుందేమోనట. మెస్సు నడిపిన రోజుల్లో ఈయన రోజుకు ముప్పై మాటలు మాట్లాడితే గొప్ప. ఇప్పుడు రేడియో పెట్టినట్టు మాట్లాడుతున్నాడు. అడవి గాలి పడింది కాబోలు.

మధ్యాహ్నం భోజనంలో, అనుమానం రాకూడదని, "పప్పులో ఉప్పు ఎక్కువేసినావు" అని విసుక్కున్నాను.

"అవునా? రేపు తగ్గిస్తాలే," అన్నాడు, ఎంతో మెత్తగా. రోజూ అయితే నాతో వాదించేవాడు.

రోజు 310

ఉడుము. పాతవాళ్లు దీని పులుసు నడుంనొప్పికి తాగేవారట. చప్పటి ముక్క పళ్లకింద పోగులు పోగులుగా విడిపోయింది. ఆ సంగతి నేను సొంతంగా రాశాను, ఇప్పుడు నాకు మిగిలిన ఆస్తి అదే. రుచి మాత్రం గుమ్మంలోంచే వచ్చింది. "చేపకు కోడికి మధ్యలో ఉంటాదేమో మే. వాన పడినంక చెరువు కాడ నిలబడితే వస్తాదే, ఆ వాసన ఒగ రవ్వ."

ఈ మనిషి వాసన చూసి ఇంత చెబుతున్నాడా అనుకున్నాను. చూడొద్దని రూలు లేదుగా, వాసన చూడొచ్చు. నాకు అసూయ వేసింది. ఆయన ముక్కు చక్కగా పనిచేస్తున్నందుకు, నేను నాది పోగొట్టుకున్నందుకు. తర్వాత ఆ అసూయ చూసుకుని నా మీద నాకే కోపం వచ్చింది.

రోజు 319

గబ్బిలం. పండ్లు తినే రకం. "మాగిన జామకాయల గంపలో పాత దుప్పటి పెట్టినట్టు" అని చిట్టాలో రాశాను. ఇంత మంచి మాట నాకు చస్తే రాదు. ఎవరిదో రాయనక్కర్లేదు.

సాయంత్రం పాలు పొయ్యి మీద పెట్టి పక్కనే కూర్చుని బట్టలకు గుండీలు కుడుతున్నాను. మద్దిలేటి కంచె దగ్గరి నుంచి పరుగున వచ్చి పొయ్యి ఆర్పాడు. గిన్నె అడుగు బొగ్గయింది. గదంతా పొగ. నేను అక్కడే కూర్చుని ఉన్నాను, తలెత్తలేదు. నాకేం తెలుసు?

ఎందుకు చూసుకోలేదని అడుగుతాడేమోనని సూది కింద పెట్టకుండా కుడుతూనే ఉన్నాను. ఆయన గిన్నె తీసుకుని బయటికెళ్లాడు.

"ఈ పొయ్యి సరిగ్గా లేదు మే. మంట ఎక్కువైపోతాంది," అన్నాడు ఇసుకతో గిన్నె తోముతూ.

పొయ్యిని తిట్టినందుకు ఆయన మీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేను.

రోజు 337

పందికొక్కు పోయిన విడతలో అయిపోయింది, ఇవాళ మనుబోతు. పెద్ద జంతువు, దాని ముక్క కూడా కోడిగుడ్డంతే. ఈ రెండింటి రుచీ గుమ్మంలోంచే వచ్చింది. ఇక నేను వేరే ఏదీ ఊహించడం మానేశాను. ముక్క నోట్లో పెట్టుకుంటాను, ఆయన "ఉంటాదేమో మే" అనేవరకు ఆగుతాను, రాస్తాను. మేమిద్దరం దీని గురించి ఒక్క మాటా మాట్లాడుకోము.

రోజు 346

పునుగుపిల్లి అయింది. ఇక రెండు మిగిలాయి. అలుగు, కురుపంది.

కురుపంది పేరుకే పంది. కుందేలంత ఉండే జింక జాతి, ఒంటి మీద తెల్లటి చుక్కలు, పెన్సిలంత కాళ్లు. దాన్ని చూడ్డమే అరుదు. తుమ్మెద దాని కోసం నాలుగు నెలలు తిరిగింది. తిన్నవాళ్లలో చివరి మనిషి భూమని ఈదమ్మ అనే చెంచు ముసలమ్మ. వంట ఎలాగో ఆమె గొంతుతోనే రికార్డు చేసి పంపారు. ఇవాళ మళ్లీ విన్నాను. "ఉప్పా? ఉప్పు యాడిది నాయనా మాకు. మోదుగాకులో సుట్టి నిప్పుల కింద బెడితిమి. ఆకు నల్లగైతే దీస్తిమి. పిల్లోల్లకు ముందు బెడితిమి, ఆపైన మేము." రుచెలా ఉంటుందని ఎవరో అడిగారు. ముసలమ్మ చాలాసేపు నవ్వింది. "తింటే తెలుస్తాది గదా," అంది. రికార్డు అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత నెలకే ఆమె పోయింది.

అంటే ఇప్పుడు బతికున్నవాళ్లలో కురుపంది రుచి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ రుచి తెలుసుకోవలసిన నోరు నాది.

ఇవాళే ఆఫీసు నుంచి షంషాద్ కబురు పెట్టింది. మా క్యాంపు చూసుకునే అధికారి ఆమె, కర్నూలు పిల్ల, ముప్పై నాలుగేళ్లు ఉంటాయి. మూడు వందల అరవై నాలుగో రోజున తనే వస్తుందట. కురుపంది తినేముందు నాలుక పరీక్ష పెట్టి, చిట్టాకు ముద్ర వేసి పట్టుకుపోతుందట. ఏడు గాజు గొట్టాల్లో ఏడు చుక్కలు. ఏ చుక్క ఏదో చెప్పాలి. జ్వరం వచ్చిన సంగతి వాళ్లకు తెలుసు, చెప్పలేకపోతే ఆ తర్వాతవన్నీ కొట్టేస్తారు.

రోజు 355

ఇది రాయాలని లేదు. అయినా రాస్తాను.

అలుగు ఇవాళ. ఒంటినిండా పెంకులుండి చీమలు తినే జంతువు. ముక్క తిన్నాను. గుమ్మంలోంచి, "చీమల పులుపు ముక్కుకు కొడతాదేమో మే, నిమ్మచెక్క కాలినట్టు" అని వచ్చింది. రాశాను. నీళ్లు తాగుదామని వంటింట్లోకి వెళితే మద్దిలేటి నాకు వీపు పెట్టి నిలబడి, చప్పటి ముక్క ఉడికించిన గిన్నెలో వేలు పెట్టి అడుగున అంటినదంతా నాకుతున్నాడు. కళ్లు మూసుకుని ఉన్నాడు.

"ఏం జేస్తాండావయ్యా!" అని అరిచాను. "సంతకం పెట్టి ఇచ్చింటివి గదా! చిట్టా అంతా మైలబడిపాయ! నా కడుపు కొడ్తాండావా నువ్వు?"

ఆయన గిన్నె కింద పెట్టాడు. మూతి తుడుచుకున్నాడు. అరిస్తే అరిచేవాడే, ఇవాళ అరవలేదు.

"నేను తినకపోతే ఎవురు తింటారు మే?" అన్నాడు. "నీకు తెల్దు గదా."

కింద కూర్చున్నాను. ఆయనా వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ముళ్లపంది దినం అలవాటు కొద్దీ చప్పటి దాంట్లో ఉప్పేసినా. ఏసినంక గుర్తొచ్చె. అయిపాయరా దేవుడా, సంపుతాది ఈ యమ్మ అని గుమ్మంలో నిలబడితి. ఆపైన చిట్టా తీసి చూస్తే, నువ్వేమో ఉప్పు లేదు అని రాసుంటివి."

ఆ రోజే తెలిసిందట. మర్నాడు పప్పులో అసలు ఉప్పే వెయ్యకుండా పెట్టి చూశాడట. ఏమీ అనలేదట నేను. కౌజు పిట్ట రోజున మళ్లీ అలాగే పెడితే, ఎక్కువైందన్నానట. తర్వాత పాలు.

"అడగొచ్చు గదా నన్ను?"

"నువ్వు జెప్పొచ్చు గదా నాకు?"

నేను ఏడ్చాను, ఎంతో కాలం తర్వాత గట్టిగా ఏడ్చాను. ఆయన నా పాదం పట్టుకుని కూర్చున్నాడు. ఎందుకు పాదమే పట్టుకున్నాడో తెలీదు, దగ్గరగా అదే ఉంది కాబోలు.

"మాటలు నాకు రావు మే," అన్నాడు కాసేపటికి. "గిన్నె నాకినంక మంచం మీద పండుకుని ఆలోచించేటోన్ని. ఇది దేని మాదిరుంది, దేని మాదిరుంది అని. జామకాయల గంప కోసరం ఒగ పూటంతా పట్టె."

రోజు 356

పొద్దున టీ ఇస్తూ మద్దిలేటి తన ప్లాను చెప్పాడు. పరీక్ష సమయంలో తను కిటికీ అవతల నిలబడతాడట, షంషాద్ తీసిన గొట్టంలో ఏముందో తను ఎలాగో పసిగడతాడట. "ఉప్పైతే ఒగసారి దగ్గుతా, పులుపైతే రెండుసార్లు, చేదైతే మూడు."

"వగరైతే?"

"తుమ్ముతా."

నవ్వలేక చచ్చాను. ఈ పదకొండు వారాల్లో ఇంతగా నవ్వింది ఇవాళే. కాని ఆయన నిజంగానే అన్నాడు. ఒక్క జంతువే మిగిలిందట, తను గిన్నె నాకి చెబుతాడట, నేను రాస్తాను, ఎవరికీ తెలీదు, మన చిట్టా నిండుతుంది, మన పేరు నిలుస్తుంది.

"మన పేరు యాడుందయ్యా? నా పేరొగటే ఉంది," అన్నాను.

అదే నన్ను రోజంతా తొలిచింది. నూరేళ్ల తర్వాత ఎవరో ఆ చిట్టా తెరిచి గబ్బిలం పేజీ చదివి, "అబ్బ, చౌడేశ్వరి అనే ఆమెకు ఎంత గొప్ప నాలుక" అనుకుంటారు. జామకాయల గంప కోసం ఒక పూటంతా మంచం మీద దొర్లిన మనిషి ఎక్కడా ఉండడు. నేను దొంగనైతే పడతాను. ఆయన్ని లేకుండా చెయ్యడం మాత్రం నా వల్ల కాదు. షంషాద్ రాగానే ఈ నోటు పుస్తకమే చేతికిస్తాను. చిట్టా అంతా కొట్టేస్తే కొట్టేస్తుంది. కురుపందిని తినకుండా తుడిచేస్తే తుడిచేస్తుంది. అయినా ఇస్తాను.

రోజు 364

షంషాద్ తొమ్మిదింటికే దిగింది. పుస్తకం చేతిలో పెట్టి, "ముందు ఇది చదువు తల్లీ," అన్నాను. వసారాలో కూర్చుని మొదటి పేజీ నుంచి చదివింది. మద్దిలేటి ఆమెకు మూడుసార్లు టీ ఇచ్చాడు, మూడూ చల్లారిపోయాయి. చదవడం అయ్యాక పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"మీరు ఫోటో తీసి పంపిన ఉడుము పేజీ మా ఇంట్లో అందరికీ చదివి వినిపించినానక్కా," అంది. గొంతులో కోపం ఉంది. "మా అమ్మీకి నోరూరె. మిమ్మల్ని ఎంత నమ్మింటి నేను!"

చల్లారిన టీ గ్లాసులు తీసి పక్కన పెట్టాను.

ఆమె మద్దిలేటి వైపు తిరిగింది. "ఆ మాటలు మీవా అన్నా?"

ఆయన తల దించుకుని, "ఎట్ల జెప్పాల్నో తెలీక అట్ల జెప్తి," అన్నాడు.

షంషాద్ లేచి సంచిలోంచి ఏడు గొట్టాలూ తీసింది. నా ముందు పెట్టలేదు, ఆయన ముందు పెట్టింది. కళ్లకు గుడ్డ కట్టింది. ఉప్పు, పులుపు, చేదు, వగరు, తీపి, అన్నీ గడగడా చెప్పేశాడు. ఆరోది కమ్మదనం, "మాంసం ఉడికిన నీళ్లు, ఎముకతో ఉడికినాయి" అన్నాడు. ఏడోదాన్ని రెండుసార్లు చప్పరించాడు. "ఇది నీళ్లేనమ్మా. గానీ మా బోరు నీళ్లు గావు."

షంషాద్ నవ్వాపుకోవడానికి కిందకి చూసింది. తర్వాత ఆఫీసు చిట్టా తెరిచి, బెట్టుడత నుంచి అలుగు వరకు ఎనిమిది పేజీల్లోనూ నా సంతకం పక్కన "రుచి చెప్పినది: మద్దిలేటి" అని రాసి తన సంతకం పెట్టింది. "పైన ఏమంటారో నాకు తెల్దు. నా ఉద్యోగానికే ముప్పు రావచ్చు. రానీ," అంది. ముళ్లపంది పేజీ దగ్గర ఆగి కలం నాకిచ్చింది.

ఆ రోజు ఆయన గిన్నె నాకలేదు. నేను ఊహించి రాశాను. పైగా అందులో ఉప్పుంది. ముళ్లపంది రుచి ఎవరికీ తెలీకుండా పోయింది, నా అహంకారం వల్ల. నా చేత్తో నేనే పేజీకి అడ్డంగా గీత గీశాను. ఆ జంతువుకు క్షమాపణ చెప్పుకోవాలనిపించింది, ఎలా చెప్పాలో తెలీలేదు.

"ఇంక కురుపంది," అంది షంషాద్. డబ్బా పదకొండింటికి తెరుచుకుంటుంది. గంటలోపు తినకపోతే ముక్క పాడవుతుంది. "నమోదైన మనిషి తినాల్సిందే. నమోదైంది మీరక్కా. పక్కన ఇంకొకరు తినగూడదని రూల్లో లేదు. వంటవాడు తినగూడదని మాత్రం ఉంది."

గడియారం పదీ నలభై చూపిస్తోంది. షంషాద్ ఉన్నట్టుండి దుపట్టా నడుముకు బిగించింది.

"ఐతే నేను వండుతా. ఇయ్యాల మీరు వంటోళ్లు గాదన్నా. బయట కూసోండి."

మద్దిలేటి మొహం చూడాలి. ఆయన జీవితంలో ఇంత కష్టం ఎన్నడూ పడి ఉండడు. వసారాలో కూర్చోలేక, గుమ్మం దాటలేక, అక్కడే అటూ ఇటూ ఊగిపోయాడు. "ఆ నీళ్లు తెర్లనీ తల్లీ, అప్పుడు ఎయ్." "మోదుగాకు ఈనె బయటికి రావాల." "అయ్యో, నిప్పులు అట్ల కుమ్మరిస్తే ఎట్లమ్మా!" ఆ పిల్ల ఇంట్లో వండినట్టు లేదు, మిల్లు మాంసం వేడి చేసుకు తినే బాపతు. వేలు కూడా కాల్చుకుంది. ఆకు నల్లబడేదాకా ఆమె పక్కన కూర్చుని నేను లెక్కపెట్టాను.

పన్నెండుకు పది నిమిషాలుండగా రెండు ముక్కలూ ఒక కంచంలోకి వచ్చాయి. నేనూ మద్దిలేటీ నేల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. షంషాద్ ఆఫీసు చిట్టా నా ఒళ్లో పెట్టి, కలం చేతికిచ్చి, కొంచెం దూరంగా జరిగి కూర్చుంది.

మద్దిలేటి చప్పటి ముక్కను వేళ్లతో రెండుగా చీల్చాడు. పెద్ద సగం నా నోటి దగ్గరికి తెచ్చాడు.

"నాకెందుకయ్యా, దండగ. మొత్తం నువ్వే తిను," అన్నాను. నిజంగానే అన్నాను. ప్రపంచంలో తినడానికి దొరికే కురుపంది మాంసమంతా ఆ కంచంలోనే ఉంది. అందులో సగం నా మొద్దు నోట్లో వేసుకోవడం పాపమనిపించింది.

"నోరు తెరువు మే," అన్నాడు. "నువ్వు నమలు. రుచి నేను జెప్తా."

నోరు తెరిచాను. ముక్క వెచ్చగా ఉంది. పళ్లకింద లేతగా నలిగింది, పోగు తెలియనంత లేతగా. ఆ సంగతి రాశాను. ఆయన కళ్లు మూసుకుని నములుతున్నాడు. నేను నమిలినంత నెమ్మదిగానే నములుతున్నాడు.

"ముందర పాల వాసన," అన్నాడు. "ఈనిన కొత్తలో మేకపాలు ఉంటాయే, అట్ల." రాశాను. "ఇప్పుడు తీపి వస్తాంది. బెల్లం తీపి గాదు. ఇప్పపువ్వు నేల మీద రాలి ఒగ దినం ఎండినంక ఉండే తీపి. అది తినే పెరిగింటాది పాపం." రాశాను. నా కళ్లలోంచి నీళ్లు కారి అక్షరాలు అలుక్కున్నాయి. నా నోట్లో ఆ పాలూ లేవు, ఆ పువ్వూ లేదు. ఆయన గొంతు వింటూ నమిలితే, ఉన్నట్టే ఉంది నాకు. ముప్పై ఆరేళ్లలో ఏ కూరా నేనింత శ్రద్ధగా తినలేదు.

నమలడం అయిపోయి మింగబోతుంటే ఆయన కళ్లు మూసుకునే నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు మే, అప్పుడే మింగొద్దు," అన్నాడు. "ఇంగా అయిపోలేదు. సివర్లో ఇంగొగటి వస్తాంది."

నేను మింగకుండా ఆగాను.